చప్పుడు లేని పోటు

కిందటి వారం కోడల్ని అత్తగారి గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. చేతిలో పిడికెడు రాయి, గుండెల్లో అంతకు పదింతల రాయి. పాపం, వారం రోజులు అలా నిలబడితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి. లోపలికి పంపేముందు ఉన్న సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

ఈ ఊరు సముద్రపు ఒడ్డున మూడు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు మనుషులు కట్టినవి కావు. సముద్రం అడుగున భూమిలో ఒక పగులుంది. అది విదిలించుకున్నప్పుడల్లా ఒడ్డు ఒక్క ఊపున నీళ్ళలోంచి పైకి లేచి ఒక మెట్టయింది, వెనకే సముద్రం గోడలా ఎగసి వచ్చి ఆ ఒడ్డుని ఊడ్చేసింది. పై మెట్టు మీద వీళ్ళ ఇల్లు, నడిమి మెట్టు మీద బడీ బజారూ, అలల తుంపర కిటికీలకు తగిలేంత దగ్గరగా కింది మెట్టు మీద ప్రసూతి ఆసుపత్రి. ఆ ఆసుపత్రిని అక్కడ కట్టుకోవచ్చని చెప్పింది ఈ అత్తగారే. భూగర్భ శాఖలో పనిచేసే రోజుల్లో మెట్ల ఎత్తు కొలిచి, వాటి మీద దొరికిన గుల్లల వయసు కట్టించి, పగులు ఏడాదికి ఎంత జారాలో ఆవిడ లెక్క తేల్చారు. "గోరు మందం," అన్నారు. అంత నెమ్మదైన పగులు బిగిసి బిగిసి మళ్ళీ విదిలించుకోవాలంటే వేల ఏళ్ళు పడుతుంది. ఊరు హమ్మయ్య అనుకుని ఆసుపత్రి కట్టుకుంది, ఆవిడకి గోరు మేడం అని పేరు పెట్టుకుంది.

కోడలిదీ అదే చదువు, అదే ఉద్యోగం. ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. శిష్యురాలు నచ్చి ఏరి కోరి కోడల్ని చేసుకున్నారు. అలాంటి కోడలు అవే మెట్లు మళ్ళీ కొలిచి, వేరే గుల్లలు ఏరి, గోరు కాదు వేలు మందం అని తేల్చింది. వేల ఏళ్ళు కాస్తా వందల ఏళ్ళయ్యాయి. ఆ మాట పట్టుకుని ఆసుపత్రి పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తి, అక్కడున్న వాళ్ళందర్నీ పై మెట్టుకి చేర్చమంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? అత్తాకోడళ్ళ తగువు ఇంట్లో తేల్చుకోండి. ఆవిడొచ్చి చెబితే అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఆ ఆసుపత్రిలోనే నిన్నటి నుంచీ ఆడపడుచు చిట్టి ఉంది. తొలి కాన్పు. కోడలి భర్తేమో ఓడ మీద ఉన్నాడు, వారం దాకా ఒడ్డెక్కడు. ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ ఇద్దరే.

అదీ సంగతి. ఇక గుమ్మం దాటిద్దాం.

గుమ్మం పక్కన అత్తగారి చెప్పులున్నాయి. వాటికి తడి ఇసుక అంటుకుని ఉంది. రోజూ పొద్దున్నే ఆటు వేళకి ఒడ్డు దాకా వెళ్ళొచ్చే అలవాటు ఆవిడది. రాగానే పెరటి కుళాయి దగ్గర చెప్పులు కడిగి ఎండలో పెడతారు. ఇవాళ కడగలేదు. కోడలు చూసింది గానీ పట్టించుకునే స్థితిలో లేదు.

"నిలబడి పోట్లాడతావా, కూర్చుని పోట్లాడతావా?" అన్నారు అత్తగారు తలెత్తకుండానే.

"పోట్లాటకి రాలేదత్తయ్యా."

"మొహం చూస్తే అలా లేదే. డాక్టరు ఫోన్ చేశాడులే. మీ కోడలు మీ మీద చాడీలు మోస్తూ ఊరంతా తిరుగుతోంది జాగ్రత్త అన్నాడు."

గది నిండా బిస్కెట్ల డబ్బాలు, డబ్బాల నిండా గుల్లలు. కోడలు బల్ల మీద కాస్త ఖాళీ చేసి రాయి పెట్టింది. అత్తగారు మెడలో తాడుకి వేలాడుతున్న భూతద్దం కంటికి ఆనించుకున్నారు. రాతిలో బొటనవేలు పట్టేంత బొరియ ఉంది. బొరియలో రెండు రెక్కలూ మూసుకుని ఒక గుల్ల ఉంది.

అది తొలుచు గుల్ల. దాని బతుకు విచిత్రం. సముద్రపు నీళ్ళు తగిలే చోట రాయి చూసుకుని, ఆవగింజంత ఉండగానే తొలుచుకుంటూ లోపలికి పోతుంది. లోపల పెరుగుతుంది, పెరిగాక వచ్చిన దారిన బయటికి పట్టదు. పుట్టిల్లూ అత్తిల్లూ వల్లకాడూ దానికి ఆ బొరియే. రాయి నీళ్ళలోంచి పైకి లేచిన రోజున ఉన్నచోటే చచ్చిపోతుంది. కాబట్టి దాని వయసు కడితే ఒడ్డు ఎప్పుడు లేచిందో తెలిసిపోతుంది. వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"ఎక్కడిది?" అన్నారు అత్తగారు.

"కింది మెట్టుది. ఆసుపత్రి వెనకగోడ కింద దొరికింది."

"వయసు?"

"నాలుగు వందల ఏళ్ళత్తయ్యా. మీరు కట్టించిన ఆరు వేలు కాదు."

అత్తగారు భూతద్దం దించి వెనక్కి వాలారు. "ఒక్క గుల్ల పట్టుకొచ్చి ఊరు ఖాళీ చెయ్యమంటున్నావన్నమాట."

"ఒక్కటి కాదు. ఆసుపత్రి దగ్గర్నుంచి లైట్‌హౌస్ దాకా ఎక్కడ రాయి పగలగొట్టినా ఇదే మాట."

"రాతిలోకి దిగే నీళ్ళు కొత్త సున్నాన్ని తెచ్చి గుల్లకి పూస్తాయి. ముసలిదాన్ని పడుచుదాన్ని చేసి చూపిస్తాయి. ఆ సంగతి నీకు చెప్పింది నేనే."

"మీరు చెప్పారు కాబట్టే పైపొర గీసి పారేసి లోపలి పొర ఒక్కటే పంపించాను. అదీ మీ దగ్గర నేర్చుకున్నదే."

అత్తగారి పెదవి చివర చిన్న నవ్వు మెదిలి మాయమైంది. తన కత్తి తన మీదికే తిరిగినా, పదును చూసి ముచ్చటపడే రకం ఆవిడ. కోడలికి ఆ నవ్వు చూడగానే ఏడుపొచ్చినంత పనైంది. ఈవిడ అరిచి గదిలోంచి పొమ్మన్నా బాగుండేది. పొరపాటు ఎక్కడో పట్టుకుని నెత్తి మీద మొట్టినా బాగుండేది. అసలు అందుకే వచ్చింది తను. ఎవరైనా 'నీ లెక్క తప్పు పిచ్చిదానా' అంటే కాళ్ళకి దండం పెట్టి పడుకుందామని వచ్చింది.

"మరి నా గుల్లల సంగతి?" అన్నారు అత్తగారు.

"మీరు ఎక్కడ ఏరారు?"

"ఆ మెట్టు మీదే. కంకర పొరలో."

"విడిగా పడి ఉన్నవా?"

"విడిగా ఉన్నవే. మరేం చెయ్యను? అప్పట్లో ఒక్క వయసు కట్టాలంటే లాబ్ వాళ్ళు సంచెడు గుల్లలు పంపమనేవారు. నీ తొలుచు గుల్ల చూడు, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. అలాంటివి సంచెడు కావాలంటే కొండ పగలగొట్టాలి. నీకిప్పుడు ఒక్క పెచ్చు చాలు. నాకు సంచి నిండాలి, అందుకని కంకరలో..."

ఆవిడ మాట అక్కడ ఆగిపోయింది. కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. కిటికీలోంచి పై మెట్టు అంచు, దాని మీద వానలకి కోసుకుపోయిన గండ్లు కనిపిస్తున్నాయి. ఏళ్ళ తరబడి ఆ గండ్ల వెంట ఎర్రమట్టీ, మట్టితో పాటు పై మెట్టు గుల్లలూ దొర్లుకుంటూ కిందికి పోయేవి. కింది మెట్టు కంకరలో కలిసి, అక్కడే పుట్టి పెరిగినట్టు కూర్చునేవి. తాత బొమ్మలు మనవడి పెట్టెలో కలిసిపోయినట్టు. సంచి నింపడానికి ఆవిడ ఏరింది తాతల్ని, రాసింది మనవడి వయసు.

తెలివితక్కువ తప్పు కాదది. ఆ రోజుల్లో ఆ పని తెలిసినవాళ్ళు ఎవరైనా అదే చేసేవారు. అయినా తప్పు తప్పే. దాని మీద మూడంతస్తుల ఆసుపత్రి నిలబడి ఉంది.

"నడిమి మెట్టు కూడా చూశావా?" ఆవిడ గొంతు తగ్గింది.

"చూశాను. నడిమి మెట్టు లేచాక కింది మెట్టు లేవడానికి ఎంత కాలం పట్టిందో, కింది మెట్టు లేచి ఇవాళ్టికి అంతకంటే ఎక్కువే అయింది."

అత్తగారు బల్ల మీది రాయిని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పారు. కోడలు ఆవిడ చేతులకేసే చూస్తోంది. ఎన్నో కొండలెక్కిన చేతులు, లోయల్లో తాడు పట్టుకుని వేలాడిన చేతులు. అవి ఇవాళ రాయిని బల్ల మీద పెట్టడానికి తడుముకుంటున్నాయి.

"చిట్టిని తెచ్చేద్దాం," అన్నారు హఠాత్తుగా. "ఇప్పుడే. కాన్పు ఇంట్లోనే చేయిస్తానని చెబుతాను. నర్సుని పిలిపిస్తాను. ముసలిదాని చాదస్తం అనుకుంటారు, అనుకోనీ."

"మిగతావాళ్ళో?"

"మిగతావాళ్ళకి వాళ్ళ అమ్మలున్నారు."

అని ఆవిడే సిగ్గుపడి తల దించుకున్నారు. కోడలు ఆవిడ్ని తప్పుపట్టలేకపోయింది. అబద్ధమెందుకు, నిన్నటి నుంచీ అదే ఆలోచన తన బుర్రలోనూ పురుగులా తిరుగుతోంది. ఏదో వంక పెట్టి చిట్టిని ఎలాగోలా పైకి తెచ్చేసుకుంటే చాలు, ఆ తర్వాత ఊరి సంగతి ఊరు చూసుకుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా సగం దారిలో ఆ ఆలోచనే కాళ్ళకి అడ్డం పడింది.

"వాళ్ళ అమ్మలకి మెట్ల లెక్క తెలీదత్తయ్యా. తెలిసింది మనిద్దరికే. నేను చెబితే డాక్టరు నవ్వాడు. మీరు చెబితే నవ్వడు."

"ఏం చెప్పను? నాలుగు వందల ఏళ్ళు ఊరుకున్నది ఇవాళే లేస్తుందని చెప్పనా? రేపు లేవచ్చు, యాభై ఏళ్ళకి లేవచ్చు. మన లెక్కలు ఏడాదికింత అని చెబుతాయి గానీ ఏ రోజో చెప్పవు. ఔనా?"

"ఔను."

"మరి నువ్వెందుకంత వణికిపోతున్నావు?"

"మరి మీరెందుకు చిట్టిని ఇప్పుడే తెచ్చేద్దామంటున్నారు?" అంది కోడలు.

అత్తగారు లేచి, కిటికీ పక్కన చిలక్కొయ్యకి తగిలించిన సంచిలోంచి ఒక రుమాలు తీసి బల్ల మీద విప్పారు. గుప్పున నీచు వాసన కొట్టింది. రుమాలులో చిన్న చిన్న తెల్లటి గుల్లలు, నోళ్ళు తెరుచుకుని. ఒడ్డున రాళ్ళని కరుచుకుని బతికేవి. పోటు నీళ్ళు తడిపే చోటుకి ఒక్క వేలు పైన కూడా అవి బతకలేవు.

"పొద్దున గీరుకొచ్చాను," అన్నారు. "నీ రాయి చూడకముందే నా ప్రాణం సగం పోయింది."

కోడలికి అప్పుడు గుర్తొచ్చాయి, కడగని చెప్పులు.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఈ ఒడ్డు ప్రతి ఏడూ కాస్త దిగుతుంది. పగులు బిగుసుకుని ఉన్నన్నాళ్ళూ అది ఒడ్డుని కిందికి లాగుతూనే ఉంటుంది. ఒడ్డు దిగితే గుల్లల బారు రాయి మీద పైకి పాకుతుంది. ఎప్పుడూ పైకి పాకడమే చూశాను. ఇవాళ బారుకి పై అంచున బెత్తెడు మేర తెల్లగా పాలిపోయి ఉంది. అన్నీ చచ్చాయి. నీళ్ళందక చచ్చాయి."

"బెత్తెడా?"

"బెత్తెడు. ఒడ్డు దిగడం మానేసి లేస్తోందే, అమ్మాయ్. కింద ఎక్కడో జారడం మొదలైంది. చప్పుడు చెయ్యకుండా."

కోడలు ఆ గుల్లల్ని వేలితో కదిపి చూసింది. పుస్తకాల్లో రెండు మూడు చోట్ల చదివింది ఇలాంటిది. "అలా జారి దానంతటదే ఆగిపోవచ్చు కదా," అంది, తన మాట మీద తనకే నమ్మకం లేకుండా.

"ఆగిపోవచ్చు," అన్నారు అత్తగారు. ఇద్దరూ ఆ మాటని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు, ఎక్కడ జారిపోతుందోనని.

ఫోన్ మోగింది. చిట్టి చేస్తోంది. అత్తగారు స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, నొప్పులు గట్టిగానే వస్తున్నాయే. కంగారుపడకు. వదినుందా అక్కడ? వదినా, నువ్వు ఇచ్చిన దిండు భలే పనికొచ్చింది." మధ్యలో పళ్ళు బిగబట్టి ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. "రాత్రంతా నిద్ర లేదనుకో. కిటికీ కిందే ఆ అలల గోల, గోడకి దబీ దబీమని. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది. చప్పుడే లేదు."

అత్తగారు కోడలికేసి చూశారు. కోడలు గోడ గడియారానికేసి చూసింది. మధ్యాహ్నపు పోటు నిండే వేళ. రోజూ ఈ వేళకి అలల హోరు పై మెట్టు మీద ఈ గదిలోకి కూడా వినిపిస్తుంది. కోడలు చెవి ఒగ్గింది. పక్కింటి మిక్సీ వినిపించింది. రోడ్డు మీద ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి అవస్థ పడుతున్నారు. సముద్రం వినిపించలేదు.

"చిట్టీ," అన్నారు అత్తగారు, ఒక్కో అక్షరం కూడదీసుకుని. "పెద్ద డాక్టరు ఉన్నాడా అక్కడ?"

"ఇక్కడే ఉన్నారు. నన్ను చూసి మొహం చిట్లిస్తున్నారు, ఎందుకో ఏమో."

"ఫోన్ ఆయనకివ్వు తల్లీ."

డాక్టరు గొంతు వినిపించింది. "నమస్కారం మేడం. నేనే చేద్దామనుకుంటున్నా."

"ముందు నే చెప్పేది వినండి. మీ ఆసుపత్రికి ఆ చోటు చూపించింది నేను. ఆ చోటు తప్పు. నా లెక్క తప్పు. మా కోడలి లెక్క ఒప్పు. అందర్నీ పైకి చేర్చండి."

"మేడం, మీ కోడలు పక్కనుండి చెప్పిస్తోందా?"

"నాకు చెప్పించే మొనగాళ్ళు ఇంకా పుట్టలేదు. కిటికీలోంచి కిందికి చూడు నాయనా."

చెప్పుల చప్పుడు, కిటికీ తలుపు కిర్రుమన్న చప్పుడు. ఆ తర్వాత ఎంతకీ మాట రాలేదు. వచ్చినప్పుడు అది నవ్వే మనిషి గొంతులా లేదు.

"పోటు వేళ కదండీ ఇది? రాళ్ళన్నీ బయటపడి ఉన్నాయి. పచ్చటి నాచు వేలాడుతోంది. ఇన్నేళ్ళలో ఈ రాళ్ళు నేను చూడలేదు. నీళ్ళు రోజూ గోడకి తగిలే చోటుకి మోకాలెత్తు కిందున్నాయి."

పొద్దున బెత్తెడు. ఇప్పుడు మోకాలెత్తు. కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"నడిచేవాళ్ళని నడిపిస్తాను, నడవలేనివాళ్ళని మోయిస్తాను," డాక్టరు గబగబా అంటున్నాడు. "మెట్లదారి దగ్గరే. అందర్నీ ఎక్కించేస్తాను. కానీ మేడం..."

"చెప్పండి."

"మీ అమ్మాయిని కదిలించడానికి లేదు. బిడ్డ గుండె తడబడుతోంది. ఉన్నపళంగా ఆపరేషన్ చెయ్యాలి, ఇక్కడే చెయ్యాలి. మోసుకుని మెట్లెక్కేలోపు ఇద్దరూ దక్కరు. నేనూ, ఇంకో ఇద్దరూ ఉండిపోతాం. ఆ పైన మన చేతుల్లో లేదు."

ఫోన్ ఆగిపోయింది. అరగంట కిందట ఈ గదిలో ఒక తల్లి, తన పిల్లని ఒక్కదాన్ని తెచ్చేసుకుంటే చాలనుకుంది. ఇప్పుడు ఊళ్ళో తల్లులందరి పిల్లలూ వచ్చేస్తున్నారు, ఆ ఒక్కతీ తప్ప.

అత్తగారు ఏడవలేదు. ఇసుక చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటికి నడిచారు. కోడలు వెనకే పరిగెత్తింది. మూడు మెట్లనీ కలుపుతూ రాతి మెట్లదారి ఉంది, దాని పొడుగునా ఇనప కమ్మి. అప్పటికే కింది నుంచి జనం ఎక్కొస్తున్నారు. నర్సొకామె రెండు చేతుల్లో ఇద్దరు పసికందుల్ని హత్తుకుని రొప్పుతూ ఎదురైంది. దుప్పట్లో ఒక బాలింతని నలుగురు మోస్తున్నారు. "ఏమిటండీ, ఏమైంది?" అని ఎవరో అడిగారు. అందరూ ఎక్కుతుంటే అత్తగారు కమ్మి పట్టుకుని కిందికి దిగుతున్నారు.

"నువ్వు పైకి పో," అన్నారు కోడలితో, ఆగకుండానే. "సరైన లెక్క తెలిసిన మనిషి ఒక్కరైనా మిగలాలి."

"లెక్క అందరికీ చెప్పేశాం కదా. ఇక నా పనేముంది పైన?" అంది కోడలు, కమ్మి మీద ఆవిడ చెయ్యి పక్కనే తన చెయ్యి వేసి.

చేతి కింద ఇనుము సన్నగా వణుకుతోంది. పాపం, ఎంత ధైర్యం నటించినా అత్తయ్య చెయ్యి వణుకుతూనే ఉందనుకుంది కోడలు. పట్టుకుందామని చూసేసరికి అత్తగారు ఆగిపోయి ఉన్నారు. ఆవిడ మెల్లగా తన చెయ్యి కమ్మి మీంచి తీసి గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు. కోడలు కూడా తన చెయ్యి తీసేసింది.

కమ్మి ఇంకా వణుకుతూనే ఉంది.